మన్నులో పుట్టిన ఎర్రమందు



తొలకరి వాన కురిసిన సాయంకాలమున మన ఆదోని చుట్టుపట్ల నల్లరేగడి చేలగట్టున నిలిచినవారికి నేలనుండి లేచు కమ్మని వాసన తెలియనిది కాదు. అది మట్టికి సహజమైన వాసనయని మనము తలంతుము. నిజమునకు అది మట్టిలో కాపురముండు సూక్ష్మజీవుల వలన పుట్టునది. కంటికి కనరాని ఆ జీవులు బూజువలె సన్నని దారములుగా అల్లుకొని పెరుగును. పూర్వము వానిని బూజుజాతిలో చేర్చినవారును కలరు. నేటి శాస్త్రజ్ఞులు అవి బాక్టీరియా జాతిలోనివని నిశ్చయించి, స్ట్రెప్టోమైసిస్ అని పేరిడిరి. పిడికెడు మంటిలో ఇట్టివి లక్షలకొలది యుండును. తమ చెంత మసలు ఇతర జీవులను అణచు విషములను ఇవి పుట్టించును. ఆ విషములనే మనుష్యుడు మందులుగా మార్చుకొన్నాడు. క్షయరోగమునకు వాడు స్ట్రెప్టోమైసిన్ అట్టిదే. రాచపుండునకు, అనగా నేడు మనము క్యాన్సరని పిలుచు వ్యాధికి, ఆసుపత్రులలో నరమునకు ఎక్కించు ఎర్రమందును అట్టిదే. దాని శాస్త్రనామము డాక్సోరూబిసిన్. ఏడ్రియామైసిన్ అనియు వ్యవహారము కలదు.

ఈ ఎర్రమందు చరిత్రను నేటి ప్రసంగమున మనవి చేసెదను. నేను వైద్యుడను కాను. బాల్యమున గురువునొద్ద అమరమును, శబ్దమంజరిని వల్లించి, పిదప ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి విరమించినవాడను. అట్టివానికి ఈ విషయముతో పని యేమి యని మీరడుగవచ్చును. ఈ మందు మా యింటికి వచ్చినది. దాని విషయమున నేనొక తప్పు చేసితిని. ఆ తప్పు మీలో మరియొకరు చేయకుండుటకై దీని చరిత్రను, దీని గుణదోషములను విన్నవించుచున్నాను.

మొదట వ్యాధిని గూర్చి రెండు మాటలు. మన శరీరము కణములతో నిర్మితము. పాతవి నశించి కొత్తవి పుట్టుట నిత్యము జరుగుచుండును. ఎన్ని పుట్టవలెనో, ఎప్పుడు ఆగవలెనో ప్రతి కణమునకును లోపల ఒక కట్టడి కలదు. ఆ కట్టడి తప్పిన కణము ఆగక పెరిగి, పక్క అవయవములను ఆక్రమించి, రక్తమార్గమున దూరస్థలములకు వ్యాపించుటయే రాచపుండు. మన ఆయుర్వేద గ్రంథములు అర్బుదమని పేర్కొన్న గడ్డలలో ఇదియును చేరియుండెను. శస్త్రముతో గడ్డను తీసివేయుట యొక మార్గము. కిరణములతో కాల్చుట మరియొక మార్గము. అయితే రక్తమున కలిసి తిరుగుచున్న కణమును కత్తి పట్టలేదు. దానిని పట్టుటకు రక్తములోనే ప్రవహించు మందు కావలెను.

అట్టి మందు సాధ్యమని లోకమునకు చూపినవారిలో మన తెలుగువాడొకడు కలడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, ఆ నగరముననే ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, అటుపిమ్మట అమెరికా దేశపు బోస్టను నగరమునకు పోయిరి. మరల స్వదేశమునకు రాలేదు. 1940లో లెడర్లీ అను మందుల సంస్థలో చేరి, అచటి పరిశోధనకు నాయకులైరి. ఆ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ అను వృద్ధాచార్యుడు, విశ్వవిద్యాలయమునుండి విరమించిన పిమ్మట డెబ్బదియేండ్లు దాటిన వయస్సున, మట్టి నమూనాలను పరీక్షించుచుండెను. మిస్సోరి రాష్ట్రపు వ్యవసాయక్షేత్రమునుండి వచ్చిన ఒక మట్టిలో ఆయనకు బంగారువన్నె గల సూక్ష్మజీవి దొరకెను. దానినుండి తీసిన ఆరియోమైసిన్ అను మందు 1948లో వెల్లడియైనది. నా వంటి విరమించిన ఉపాధ్యాయునకు ఈ వృత్తాంతము వినినప్పుడెల్ల సంతోషము కలుగును.

అదే ప్రయోగశాలలో సుబ్బారావుగారి బృందము ఎమినోప్టెరిన్ అను మరియొక మందును సిద్ధము చేసినది. ఇది మట్టిలో పుట్టినది కాదు, రసాయనశాలలో కూర్చినది. దీనిని బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన పసిబిడ్డలకిచ్చెను. అంతవరకు ఆ బిడ్డలకు చికిత్స యనునది లేదు. 1948 జూను నెలలో ఆయన ప్రకటించిన వ్యాసమున 16 మంది బిడ్డలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖము పట్టినదని వ్రాసెను. ఆ మేలు కొన్నినెలలే నిలిచినది. అయినను మందుతో ఈ వ్యాధిని వెనుకకు నెట్టవచ్చునని తొలిసారి రుజువైనది. ఆ సంవత్సరమే ఆగస్టు మాసమున సుబ్బారావుగారు పరలోకగతులైరి. వారి శతజయంతి సంవత్సరమగు 1995లో భారత ప్రభుత్వము వారి పేర తపాలాబిళ్లను వెలువరించినది.

ఇక మట్టికి మరల వత్తము. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున సెల్మన్ వాక్స్‌మన్ అను మృత్తికాశాస్త్రజ్ఞుడుండెను. ఆయనయు, ఆయన శిష్యుడు బాయిడ్ వుడ్రఫ్‌యు 1940లో మట్టిలోని ఒక జీవినుండి ఎక్టినోమైసిన్ అను పదార్థమును వేరుచేసిరి. అది రోగక్రిములను చంపినది. కాని పరీక్షకై ఇచ్చిన జంతువులనుకూడ చంపినది. జ్వరమునకు, చీముగడ్డలకు మందుగా అది పనికిరాదని పక్కన పెట్టిరి. మూడేండ్లకు, 1943లో, ఆయన ప్రయోగశాలలోనే స్ట్రెప్టోమైసిన్ దొరకినది. దాని కీర్తిలో ఎక్టినోమైసిన్ మరుగుపడినది. అయితే 1950 తరువాతి దశకమున, పైని చెప్పిన ఫార్బర్ వైద్యుడే ఈ జాతిలోని ఎక్టినోమైసిన్ డి అను దానిని పసిబిడ్డల మూత్రపిండములలో పుట్టు గడ్డలకు వాడి చూచెను. శస్త్రమునకును, కిరణములకును ఇది తోడుగా నిలిచి ఎందరో బిడ్డలను బ్రదికించినది. మితిమీరిన విషమని త్రోసివేసిన పదార్థమే మితము తెలిసిన చేతిలో మందైనది.

ఇచట నాకొక మాట స్ఫురించుచున్నది. మనము మాత్ర యందుము. మందుబిళ్లకు మాత్రయని పేరు. ఛందస్సులో మాత్రయనగా కాలపరిమాణము. సంస్కృతమున ఆ శబ్దమునకు కొలత యని యర్థము. మందునకు కొలతయే పేరుగా నిలిచినదన్నమాట. ఇక చెప్పబోవు కథయంతయు ఈ మాటకు వ్యాఖ్యానమే.

ఇటలీ దేశపు దక్షిణభాగమున అపూలియా యను సీమ కలదు. మన ఆదోని కొండపై దుర్గమున్నట్లే అచట ఒక గుట్టపై కాస్టెల్ డెల్ మోంటె అను దుర్గము కలదు. ఎనిమిది మూలలుగా కట్టిన ఆ కోట 13వ శతాబ్దమున రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి కట్టించినది. ఆ కోట పరిసరములలో తీసిన మట్టిని మిలాను నగరమందలి ఫార్మిటాలియా సంస్థ వారు పరీక్షించిరి. అందు ఎర్రని వర్ణపదార్థమును పుట్టించు ఒక స్ట్రెప్టోమైసిస్ దొరకెను. ఆ సీమలో పూర్వకాలమున నివసించిన ప్యూసెటీ జాతివారి పేర దానికి ప్యూసెటియస్ అని పేరిడిరి. 1960 తరువాతి తొలి యేండ్లలో అరేలియో డి మార్కో మున్నగువారు దాని ఎర్రసారము ఎలుకలలోని గడ్డలను తగ్గించుచున్నదని చూపిరి. అదే కాలమున ఫ్రాన్సు దేశమందును అదే పదార్థము వేరుగా బయలుపడెను. ఇటలీవారు ఆ సీమలోని డౌని యను మరియొక ప్రాచీనజాతి పేరును, ఫ్రాన్సువారు కెంపును తెలుపు తమ భాషాపదమును ఉంచగా, రెండును కలిసి డానోరూబిసిన్ అయినది. కొన్ని రక్తక్యాన్సరులకు ఇది నేటికిని ముఖ్యమైన మందు.

ఆ జీవినే కొంత మార్చి పెంచినచో మరింత మేలైన సారము దొరకునేమోయని ఆ శాస్త్రజ్ఞులు యత్నించిరి. రసాయనముచే దాని బీజస్వభావమును మార్పగా పుట్టిన కొత్త వంగడమునుండి వచ్చినదే డాక్సోరూబిసిన్. ఫెదెరికో అర్కమోనేయు, ఆయన సహచరులును దానిని 1969లో ప్రకటించిరి. ఇటలీకి తూర్పున నున్న ఏడ్రియాటిక్ సముద్రము పేర దానికి ఏడ్రియామైసిన్ అను పేరు వచ్చినది. అమెరికా ప్రభుత్వము 1974లో దాని వాడుకకు అనుమతినిచ్చెను.

ఈ మందు చేయు పని యెట్టిదనగా: ప్రతి కణములోను తన వంశచరిత్రను వ్రాసికొన్న మెలితిరిగిన పేట యొకటి కలదు. కణము రెండుగా చీలుటకు ముందు ఆ పేటకు నకలు తీయవలెను. నకలు తీయుటకు చిక్కు విప్పవలెను. ఎమ్మిగనూరు మగ్గములపై పని చేయువారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. చిక్కుపడిన నూలుతో పడుగు సాగదు. ఈ ఎర్రమందు ఆ పేట నడుమ దూరి, చిక్కు విప్పు యంత్రమును పట్టివేయును. పేట తెగును; కణము చచ్చును. త్వరత్వరగా చీలు కణములకు దెబ్బ యెక్కువ. రాచపుండు కణములు అట్టివి. రొమ్ము క్యాన్సరు, శోషరసగ్రంథులలో పుట్టు లింఫోమా, ఎముకలలోను మెత్తని కండలలోను పుట్టు కొన్ని గడ్డలు, బిడ్డల గడ్డలు కొన్ని, కొన్ని రక్తక్యాన్సరులు దీనికి లొంగును. పెద్దప్రేగు క్యాన్సరు వంటివి లొంగవు. కావున ఒకరికి మేలు చేసినదని వినినంతనే మా వారికిని అదే యిమ్మని వైద్యుని నిర్బంధించుట తగదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ వారి అత్యవసర ఔషధముల పట్టికలో దీనికి స్థానము కలదు. నేడది పేదలకును అందుచున్న మందు.

అయితే త్వరగా చీలు కణములు రాచపుండునందే యుండవు. వెండ్రుకల కుదుళ్లలో, నోటి లోపొరలో, ఎముకల మూలుగలో నున్న మంచి కణములును త్వరగా చీలును. కనుక వెండ్రుకలు రాలును. మందు ఆగిన పిమ్మట మరల మొలచును. నోరు పూయును. వాంతులగును, వానికి ఇప్పుడు మంచి మందులు కలవు. ఇవన్నియు కంటికి కనబడు బాధలు. కంటికి కనబడక నెమ్మదిగా వచ్చు బాధ వేరొకటి కలదు. ఆ బాధను కనుగొన్న విధమే ఈ మందు చరిత్రలో మనము నేర్వదగిన ఘట్టము.

మొదట డానోరూబిసిన్ వాడిన దినములలోనే, రాచపుండు తగ్గిన కొందరు రోగులు గుండె జబ్బుతో మరణించిరి. 1967 నాటికే వైద్యులు ఈ సంగతిని గుర్తించిరి. గుండెకండ కణములు త్వరగా చీలునవి కావు. మరి వానికేల దెబ్బ తగిలెను? ఈ మందు గుండె కణములో ప్రవేశించినప్పుడు అచటి ఇనుముతో కలిసి తీక్ష్ణములైన పదార్థములను పుట్టించును. కణమునకు శక్తినిచ్చు భాగములను దెబ్బతీయును. చెడిన చర్మము మరల వచ్చును, రాలిన వెండ్రుక మరల మొలచును. చెడిన గుండెకండ మాత్రము తిరిగి రాదనియే చెప్పవలెను. అందువలన ఈరోజు ఇచ్చిన మందు చేసిన నష్టము, వచ్చే నెల ఇచ్చిన దాని నష్టముతో కూడును. పదియేండ్ల తరువాత ఇచ్చినదియు దానితోనే కూడును. ఈ అప్పు తీరునది కాదు, పెరుగునదే.

ఎంతవరకు ఇచ్చిన అపాయము తక్కువ, ఎంత దాటిన అపాయము హెచ్చు? దీనిని తేల్చుటకు డేనియల్ వాన్ హాఫ్ అను వైద్యుడును, ఆయన సహచరులును 4018 మంది రోగుల చికిత్సా పత్రములను తిరుగవేసిరి. ఒక్కొక్కరికి మొత్తము ఎంత మందు పోయినది, పిదప గుండె యెట్లున్నది యని వరుసగా లెక్కించిరి. వారిలో 88 మందికి ఈ మందు వలన గుండె నీరసించినట్లు తేలెను. 1979లో ఆ లెక్కను ప్రకటించిరి. ఈ మందును శరీరపు చర్మ వైశాల్యమును బట్టి, చదరపు మీటరునకు ఇన్ని మిల్లీగ్రాములని కొలుతురు. మొత్తము 400 మిల్లీగ్రాములు చేరినచో నూటికి ముగ్గురికి, 550 చేరినచో నూటికి ఏడుగురికి, 700 చేరినచో నూటికి పదునెనిమిది మందికి గుండె చెడునని వారు అంచనా కట్టిరి. అటుపిమ్మట 2003లో సాండ్రా స్వైన్ మున్నగువారు మరింత జాగరూకతతో కొలిచి, 400 వద్ద నూటికి ఐదుగురు, 550 వద్ద ఇరువదియార్గురు, 700 వద్ద నలువదియెనమండ్రు అని చూపిరి. తొలి లెక్కకంటె అపాయము పెద్దదని తేలినది. అందుచేత నేటి వైద్యులు 450 దాటుటకే మిక్కిలి సంకోచింతురు. వృద్ధులకును, ముందే గుండెజబ్బు లేక రక్తపు పోటు కలవారికిని, రొమ్ముపై కిరణచికిత్స జరిగినవారికిని ఆ హద్దు ఇంకను తక్కువ.

పెద్దలారా, ఇచట ఒక్క క్షణము నిలువుడు. ఆ హద్దును చూపినది కొత్త యంత్రము కాదు. ఎవరో గుమాస్తాలు, దాదులు, వైద్యులు శ్రద్ధగా వ్రాసి భద్రము చేసిన నాలుగువేల మంది కాగితములు ఆ హద్దును చూపినవి. వ్రాయనిచో, వ్రాసినది దాచనిచో, నేటికిని మనము చీకటిలోనే యుందుము.

ఇప్పుడు నా తప్పును చెప్పెదను. మాది నేతవారి యిల్లు. నా చెల్లెలిని ఎమ్మిగనూరున మగ్గముల వీధిలోని సంబంధమునకే ఇచ్చితిమి. 2009వ సంవత్సరమున ఆమెకు రొమ్మున గడ్డ కనబడెను. ఆ యింట చదువరులు లేకుండుటచే నేనే వెంట నడచితిని. ఆదోనిలో రైలెక్కి, దూరపు పట్టణమున ఒక పెద్ద ఆసుపత్రికి పోతిమి. శస్త్రము చేసిరి. పిమ్మట మూడువారముల కొకమారుగా ఎర్రమందును నాలుగు మారులు ఎక్కించిరి. జుట్టంతయు రాలినది. తలపై కొంగు కప్పుకొని ఆమె మగ్గము చెంత కూర్చుండి కండెలు చుట్టుచునే యుండెను. ఏడాదికి జుట్టు మరల వచ్చినది. అయిదేండ్లు గడచినవి. వ్యాధి పోయినదనుకొంటిమి.

ఆసుపత్రి కాగితములన్నియు నా ట్రంకుపెట్టెలో నుండెను. ఒక ఉగాదికి ముందు ఇల్లు సున్నము వేయించుచు పెట్టెను తెరచి చూచితిని. ఈ అశుభపత్రములు ఇంట నేల యనిపించినది. నీళ్లకాగు క్రింద పెట్టితిని. బడిలో పిల్లలు పుస్తకపు పుట చింపిన కోపించినవాడను నేనే.

2016లో ఆమెకు ఎముకలలో నొప్పి మొదలయ్యెను. వ్యాధి తిరుగబెట్టినదని తేలినది. ఈమారు వేరొక ఊరి ఆసుపత్రికి పోతిమి. అచటి వైద్యురాలు నన్నడిగిన మొదటి ప్రశ్న: “ముందు ఏమి మందు ఇచ్చినారు? మొత్తం ఎంత?”

“ఎర్రమందమ్మా, నాలుగుసార్లు ఎక్కించినారు” అంటిని.

“నాలుగుసార్లంటే ఎన్ని మిల్లీగ్రాములు?”

నేను మాటలాడలేకపోతిని. ఆమె కోపింపలేదు. పైని నేను మీకు విన్నవించిన లెక్కయంతయు ఆమె నాకు అప్పుడు చెప్పినదే. ఎంత పోయినదో తెలియక మరల ఇచ్చినచో గుండె చెడవచ్చును. తెలియదని మానుకొన్నచో పనిచేయగల మందొకటి చేజారవచ్చును. రెండు వైపులను నష్టమే. ఆ రాత్రి సత్రములో నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు నా చెల్లెలు తన సంచిలోని కుంకుమభరిణెను తెరచి, నాలుగు మడతలు పెట్టిన చిన్న అట్టముక్కను నా చేత పెట్టినది. మొదటి ఆసుపత్రివారి రోగిసంఖ్య గల చీటి అది. “పెద్దాసుపత్రోళ్లు ఇచ్చిండేది కదన్నా, ఎందుకైనా మంచిదని దాచిపెట్టినా” అన్నది. ఆమెకు చదువు రాదు. కాగితము విలువ ఆమెకు తెలిసినది, నాకు తెలియలేదు.

ఆ సంఖ్య పట్టుకొని నేను మొదటి ఊరికి పోతిని. వారి దస్తరములో పాత పత్రము దొరకినది. ఆమె చర్మ వైశాల్యము ఒకటిన్నర చదరపు మీటరులు. చదరపు మీటరునకు 60 చొప్పున మారునకు 90 మిల్లీగ్రాములు ఎక్కించియుండిరి. నాలుగు మారులకు మొత్తము చదరపు మీటరునకు 240. అనగా హద్దునకు ఇంకను ఎడము కలదు. వైద్యురాలు గుండెను ధ్వనితరంగముల యంత్రముతో పరీక్షించి, ఆ మందునే రెండు మారులిచ్చి, మరల గుండెను పరీక్షించి, దాని బలము కొంత తగ్గుట చూచి ఆపివేసి వేరొక మందునకు మారెను. నా చెల్లెలు మూడేండ్లు జీవించి, మనుమరాలి వివాహమును కన్నులార చూచి, 2019లో కాలధర్మము చెందినది. ఆ మూడేండ్లు ఆ అట్టముక్క ఇచ్చినవని నేను చెప్పజాలను. చికిత్స చీకటిలో జరుగకుండ కాపాడినది మాత్రము అదియే.

ఈ మందు ఎక్కించుకొను వారి యింట తెలిసియుండవలసిన సంగతులు మరికొన్ని కలవు. ఎక్కించునప్పుడు సూది చోట మంటగాని, వాపుగాని కలిగినచో మొగమాటపడక తత్‌క్షణమే దాదికి చెప్పవలెను. నరము దాటి పక్కకు కారిన ఈ మందు కండను కుళ్లించును. సూది పొడిచినప్పుడు నొప్పి సహజమే కదాయని ఓర్చుకొనుట ఇచట గుణము కాదు. ఎక్కించిన పిమ్మట ఒకటి రెండు దినములు మూత్రము ఎర్రగా వచ్చును. అది మందు రంగు, రక్తము కాదు. దానికి భయపడనక్కరలేదు. ఆ దినములలో మలమూత్రములను శుభ్రపరచువారు చేతితొడుగులు వేసికొనవలెను.

భయపడవలసినది వేరొకటి. మందు పోయిన పది పదునాలుగు దినములకు రక్తములోని తెల్లకణములు అడుగంటును. రోగక్రిములతో పోరు సైనికులు అవియే. ఆ దినములలో జ్వరము వచ్చి 100.4 డిగ్రీలు దాటినచో అది మామూలు జ్వరము కాదు. బిళ్ల మింగించి తెల్లవారువరకు చూతమనరాదు. అర్ధరాత్రియైనను బండి కట్టించుకొని ఆసుపత్రికి పోవలెను. ఇంట్లో జ్వరము కొలుచు సాధనము ఒకటి యుండవలెను. మన పల్లెలనుండి పెద్దాసుపత్రికి గంటల ప్రయాణము. కనుక ఎవరి బండి, ఎవరు తోడు అనునది ముందే నిశ్చయించుకొనుట మేలు.

కామెర్లు ఉన్నవారికి ఈ మందు తగ్గించి ఇత్తురు. కాలేయమే దీనిని శరీరమునుండి వెడలగొట్టునది గనుక. పసరు మందులు, భస్మములు వాడుచున్నచో దాచక వైద్యునికి చెప్పవలెను. గర్భిణియైనను, గర్భము కోరుచున్నను ముందుగా చెప్పవలెను. చికిత్స ముగిసి యేండ్లు గడచినను మెట్లెక్కునప్పుడు ఆయాసము, పండుకొన్న ఊపిరాడకుండుట, పాదముల వాపు కలిగినచో ముసలితనమని విడువక, పూర్వము ఎర్రమందు పోయినదని చెప్పి గుండెను చూపించుకొనవలెను. బాల్యమున ఈ మందు పొందిన బిడ్డలకు ఇది యావజ్జీవపు నియమము. చాల అరుదుగా ఈ మందే యేండ్ల తరువాత రక్తక్యాన్సరును కలిగించుటయు కలదు. గుండెను కొంత కాపాడు డెక్స్‌రజోక్సేన్ అను మందును, కొవ్వుపొరలో చుట్టి గుండెకు తక్కువ హాని చేయు రీతిని సిద్ధపరచిన డాక్సోరూబిసిన్‌ను 1995నుండి వాడుకలోనికి వచ్చినవి. ఏది యెవరికి తగునో వైద్యులు నిర్ణయింతురు.

ఇన్ని దోషములు విని, ఇట్టి విషము మాకేల యని వెనుదీయువారును ఉందురు. వారికి ఎమ్మిగనూరు జాతరను గుర్తుచేయుదును. పుష్యమాసమున మనమందరము రథము లాగి కొలుచు దైవము నీలకంఠేశ్వరుడు. పాలసముద్రమున పుట్టిన విషమును ఆయన ఉమియలేదు, కడుపులోనికి దిగనీయలేదు. కంఠమున ఒక హద్దు ఏర్పరచి అచట నిలిపెను. విషమును చూచి పారిపోయిన లోకములు దగ్ధమయ్యెడివి. హద్దు లేక మింగినను కీడే కలిగెడిది. ఎర్రమందుతో మనుష్యుడు చేయవలసినదియు ఇదియే. హద్దు ఎచటనున్నదో పండితులు కనుగొన్నారు. ఆ హద్దునకు ఎంత దూరమున నున్నామో తెలియజేయునది మన చేతిలోని కాగితము.

కావున పెద్దలకు నా విన్నపము. పల్లెలో చదువు వచ్చినవారు కొందరే యుందురు. ఆసుపత్రి కాగితములు చదివిపెట్టుమని ఇరుగుపొరుగువారు మీయొద్దకే తెత్తురు. అట్టివారికి ఒక చిన్న నోటుపుస్తకము పెట్టించుడు. ఆదోని ప్రత్తి మండీలో ఏ బేరగాడును చిట్టా లేక వ్యాపారము చేయడు కదా. మందు పేరు, ఎక్కించిన తేదీ, ఎన్ని మిల్లీగ్రాములు, ఇంతవరకు మొత్తమెంత, గుండె పరీక్షలో ఏమి తేలినది - ఈ అయిదు సంగతులు ప్రతిమారును వ్రాయించుడు. తెలియనిచో దాదినో వైద్యునో అడిగి వ్రాయించుడు. అడుగుట మన హక్కు. రోగిసంఖ్య గల చీటికి నకలు తీయించి ఇంట ఇద్దరి చెంత ఉంచుడు. వ్యాధి నయమైనదని వానిని పారవేయనీయకుడు. సున్నము వేయునాడు పెట్టె తెరచినచో, దుమ్ము తుడిచి మరల లోపలనే పెట్టుడు.

నా చెల్లెలి కుంకుమభరిణె ఇప్పుడు నా యింట నున్నది. ఆ అట్టముక్క ఇంకను అందే యున్నది. నేటికి దానితో ఎవరికిని పని లేదు. అయినను పారవేయలేదు.